సామాను లారీలో, అమ్మ రైల్లో... మరి కారు?

బిలాస్‌పూర్‌లోని రాజ్‌కిశోర్ నగర్ నుంచి ఆంధ్రకు తరలే తెలుగు కుటుంబాల్లో చివరిదాకా తేలని లెక్క అదొక్కటే

జూన్ చివరి వారమంటే బిలాస్‌పూర్‌లో వీడ్కోలు సభల కాలం. బడిలో చేర్చిన రోజున మేష్టారు తోచిన తేదీ ఏదో రాసేయడంతో, ఒక తరం ప్రభుత్వోద్యోగుల్లో చాలామందికి పుట్టినరోజులు జూన్, జూలైల్లోనే పడ్డాయి. ఉద్యోగ విరమణలూ అప్పుడే గుంపుగా వస్తాయి. శాలువాలు, దండలు, గ్రూపు ఫొటో ముగిశాక సీపత్ రోడ్డును ఆనుకుని ఉన్న రాజ్‌కిశోర్ నగర్ లాంటి కాలనీల్లో అసలు పని మొదలవుతుంది. బీరువా, ఫ్రిజ్, మంచాలు లారీకెక్కుతాయి. ఇంట్లో పెద్దావిడకు రైల్లో కింది బెర్తు ముందే ఖాయమై ఉంటుంది. గేటు ముందున్న సీజీ 10 నంబరు కారు దగ్గరే మాట ఆగిపోతుంది. ట్రక్కు మీద పంపాలా, నడుపుకుంటూ పోవాలా?

పైకి చూస్తే ఇది డబ్బు లెక్క. కాస్త తరచి చూస్తే అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి అడుగున కనిపిస్తుంది: ఈ ఇల్లు నిజంగా ఖాళీ అవుతున్నదా?

తెలుగువారు ఇక్కడికి వచ్చిందే రైలు పట్టాలు పట్టుకుని. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను పూర్తిచేసింది. తూర్పు తీర రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. అంటే వాల్తేరుకూ బిలాస్‌పూర్‌కూ యజమాని ఒక్కరే అయ్యారు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర పల్లెలకు ఈ ఊరు మరీ దగ్గరైంది. ఖలాసీగానో ఫైర్‌మన్‌గానో వచ్చిన తాత, గార్డయిన కొడుకు, ఇంజనీరైన మనవడు - మూడు తరాలు ఇక్కడే గడిపిన కుటుంబాలకు ఇక్కడ కొదవలేదు. 2003 ఏప్రిల్ 1న ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఈ ఊరు కేంద్రంగా పని మొదలెట్టింది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ సీపత్ రోడ్డు మీదే. ఆ రోడ్డుపై ఇంకా ముందుకెళ్తే 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం. రైల్వే క్వార్టర్లు అర్పా నది అవతల స్టేషన్ చుట్టూ ఉంటే, నది ఇవతలున్న రాజ్‌కిశోర్ నగర్ సొంత ఇళ్ల పేట. క్వార్టరైతే విరమణ తర్వాత ఖాళీ చేసి తీరాలి. సొంత ఇంటికి ఆ నిర్బంధం లేదు. చిక్కంతా అక్కడే వస్తుంది.

రైల్వే పట్నం కదా, కారును కూడా రైలెక్కించేస్తే సరిపోదా అని బయటివారు అనుకోవచ్చు. నిబంధనల్లో అందుకు దారి లేకపోలేదు. ఏడో వేతన సంఘం తర్వాతి ప్రయాణ భత్యం నియమాల ప్రకారం బదిలీ మీద వెళ్లే ఉద్యోగి పే లెవల్ 6, ఆపైన ఉంటే ఒక కారునో, ఒక మోటార్‌సైకిల్‌నో ప్రభుత్వ ఖర్చుతో తరలించుకోవచ్చు. లెవల్ 5, అంతకు దిగువన ఉన్నవారికి మోటార్‌సైకిల్, స్కూటర్, మోపెడ్ లేదా సైకిల్ మాత్రమే. విరమణ చేసి సొంతూరు వెళ్లేవారికీ దాదాపు ఇదే వర్తిస్తుంది. గూడ్స్ బండి నడిపే లోకో పైలట్ లెవల్ 6. ఇంజన్ బాగుచేసే టెక్నీషియన్ గ్రేడ్-1 లెవల్ 5. ఇద్దరిళ్ల ముందూ ఒకే రకం మారుతి ఉండొచ్చు. కాగితం మీద మాత్రం ఒకరికి కారు, మరొకరికి స్కూటర్. టెక్నీషియన్ కూడా అప్పుచేసి కారు కొంటాడన్న ఊహ నియమాలు రాసినవారికి తట్టినట్టు లేదు.

అర్హత ఉన్నా ఆచరణ వేరు. పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టి స్కూటర్‌ను పార్సిల్ ఆఫీసులో అప్పగించడం ఇప్పటికీ తేలికే. కారు బ్రేక్ వ్యాన్‌లో పట్టదు. ఒక్క కారు కోసం పార్సిల్ వ్యాన్ మొత్తం మాట్లాడుకోవడం ఏ కుటుంబానికీ గిట్టుబాటు కాదు. దేశంలో కార్లు రైలెక్కడం లేదని కాదు. మారుతి సుజుకి తన కార్లలో 2014-15లో 5 శాతాన్ని రైళ్లలో పంపితే, 2023-24 నాటికి అది 21.5 శాతానికి చేరింది. కానీ అవి ఫ్యాక్టరీ నుంచి రేకులకు రేకులు కదిలే కొత్త బళ్లు. పదేళ్లు నడిచిన వ్యాగన్-ఆర్‌కు ఆ రైల్లో చోటు లేదు.

ఇక మిగిలింది కార్లను మోసే ట్రక్కు. ఫోన్ చేస్తే పని అయిపోతుందన్న భరోసా, ఇల్లు సర్దుకునే హడావుడిలో పెద్ద ఊరటే. అయితే నాలుగుచోట్ల అడిగితే నాలుగు ధరలు చెబుతారు. అన్నిటికన్నా తక్కువ చెప్పినవారి దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడగాలి. బండిని బిలాస్‌పూర్‌లోనే ఎక్కిస్తారా, లేక రాయ్‌పూర్ దాకా వారి డ్రైవర్ నడుపుకుపోతాడా? కప్పున్న ట్రక్కా, ఓపెన్ ట్రెయిలరా? అప్పగింత ఇంటి దగ్గరా, ఊరి బయట యార్డులోనా? అంత పొడవు ట్రెయిలర్ విజయనగరం సందుల్లోకి రాదని వేరే చెప్పక్కర్లేదు. ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరు అంకె సహా ఫొటోలు తీసుకోవడం మంచిది. దిగాక బండి తిరిగిన కిలోమీటర్లు ఎక్కువ కనిపిస్తే మాట్లాడేందుకు ఆధారం అదొక్కటే.

రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఉండేదాన్ని ఎక్కువమంది చదవరు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2011 నాటి నియమాల ప్రకారం, సరుకు విలువను ముందుగా ప్రకటించి అందుకు తగ్గ అదనపు రుసుము కట్టకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. కిరాయి 12 వేలనుకుంటే గరిష్ఠ పరిహారం లక్షా 20 వేలు. కారు విలువ 5 లక్షలైతే మిగతా 3 లక్షల 80 వేలకు ఎవరూ పూచీ కాదు. నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. గడువు దాటితే దావా వేసే హక్కే ఉండదు. కాస్త ధైర్యమిచ్చే సంగతీ ఉంది. కారు యజమాని దగ్గరుండే ప్రామాణిక సమగ్ర మోటారు పాలసీ రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, విమానాల్లో తరలించేటప్పుడు జరిగే నష్టానికీ వర్తిస్తుంది. థర్డ్ పార్టీ పాలసీతో నెట్టుకొస్తున్న పాత బండికి ఆ రక్షణ లేదు. కిరాయి బిల్లులో బీమా పేరిట కొంత శాతం కలిపినంత మాత్రాన పాలసీ ఉన్నట్టు కాదు. పాలసీ నంబరు అడగాలి. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోవాలి.

నడుపుకుపోతే ఖర్చు తేలిపోతుంది. బిలాస్‌పూర్ నుంచి విజయనగరానికి జగ్దల్‌పూర్ మీదుగా సుమారు 650 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారుకు 45 లీటర్ల లోపు. లీటరు వంద రూపాయల లెక్కన నాలుగున్నర వేలు. ఘాట్ల మూలంగా మరో అయిదొందలు, టోల్, జగ్దల్‌పూర్‌లో ఓ రాత్రి బస. ఈ దూరానికి ట్రక్కు కిరాయి కంటే ఇదే నయం. హైదరాబాద్‌కైతే నాగ్‌పూర్ తిరిగి 900 కిలోమీటర్లు. రోడ్డు విశాలమే గానీ అరవై ఏళ్ల నడుముకు రెండు రోజుల పరీక్ష. సుక్మా, కుంట మీదుగా భద్రాచలం చేరే అడ్డదారి ఉన్నా, మావోయిస్టు హింస భయంతో ఏళ్ల తరబడి కుటుంబాలతో వెళ్లేవారు దానికేసి చూడలేదు. బెంగళూరు, చెన్నై అయితే వాదనే అక్కర్లేదు, ట్రక్కే.

విజయనగరం దారి అసలు చూడదగ్గది. రాయ్‌పూర్ దాటి ధమ్తరి వరి పొలాలు, పాత సంస్థానం కాంకేర్, ఆపైన పన్నెండు మలుపుల కేశ్‌కాల్ ఘాట్ వస్తాయి. అది ఎక్కితే బస్తర్ పీఠభూమి. కొండగావ్ దగ్గర రోడ్డు పక్క దుకాణాల్లో ఇత్తడి ఏనుగులు, గుర్రాలు. జగ్దల్‌పూర్ నుంచి ఒక పూట కేటాయించగలిగితే చిత్రకోట్ జలపాతం నలభై కిలోమీటర్ల లోపే ఉంది. తర్వాత బోరిగుమ్మ, జయపురం, కోరాపుట్ - బోర్డులు ఒడియాలోకి మారతాయి. పొట్టంగి దాటాక సుంకి ఘాట్ దిగుడు. కింద సాలూరు. ఛత్తీస్‌గఢీ, హల్బీ, ఒడియా, తెలుగు - చాయ్ దుకాణాల్లో ఒక్క ప్రయాణంలో నాలుగు భాషలు వినిపిస్తాయి. ట్రక్కు మీద పంపే కారుకు ఇవేవీ దక్కవు, దాని యజమానికీ దక్కవు.

అయితే ముహూర్తమే అసలు చిక్కు. విరమణలు జూన్ 30న. బస్తర్‌లో రుతుపవనాలు దిగేదీ జూన్ మధ్యలోనే. కేశ్‌కాల్‌లో ఒక్క లారీ మొరాయిస్తే గంటల తరబడి వరస కదలదు. సుంకి మలుపుల్లో పొగమంచూ, వానా కలిస్తే ముందున్న బండి ఎర్ర దీపమే దారి. రాయ్‌పూర్-విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రహదారి, అందులో కేశ్‌కాల్ దగ్గర సొరంగం ఈ బాధ తీర్చడానికి ఉద్దేశించినవే. ఆంధ్ర భాగానికి 2022 నవంబర్ 12న విశాఖలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. దాన్ని నమ్ముకుని విరమణ తేదీని వాయిదా వేయించుకోవడం మాత్రం ఎవరివల్లా కాదు. ఘాట్‌లో నడిపిన అలవాటు లేనివారు తోడుగా డ్రైవర్‌ను తీసుకోవడమో, దసరా దాకా కారును షెడ్డులోనే ఉంచడమో మేలు. అమ్మానాన్నలను ఎలాగూ కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా ఏ మలుపూ తెలియకుండా విజయనగరంలో దింపుతుంది.

దసరా దాకా షెడ్డులో ఉంచుదామన్న ఆలోచనతోనే మొదటి ప్రశ్న తిరిగొస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు బిలాస్‌పూర్ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తేవాలి. చలాన్లు బకాయి ఉండకూడదు, బ్యాంకు అప్పుంటే దాని సమ్మతి కావాలి. కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. ఇక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరాలి. సర్వీసులో ఉన్న రైల్వే, బొగ్గు, విద్యుత్ ఉద్యోగులకు 2021 సెప్టెంబర్ 15 నుంచి వచ్చిన భారత్ సిరీస్ నంబరు ఈ బాధ తప్పించేందుకే. రెండేళ్లకోసారి పన్ను కట్టుకుంటూ రాష్ట్రాలు మారవచ్చు. పదవీ విరమణ చేసి కదిలే మనిషికి ఆ వీలు లేదు. ఆయన ఏదో ఒక రాష్ట్రాన్ని ఎంచుకోవాల్సిందే.

ఎంచుకోవడమే కష్టం. పిల్లలు పుట్టింది ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో. వారు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సాలూరులో బోర్డు మాత్రం కూడబలుక్కుని చదువుతారు. ఊళ్లో అన్నదమ్ముల వాటాకొచ్చిన రెండు గదుల ఇల్లుంది. రాజ్‌కిశోర్ నగర్‌లో అప్పు తీరిన డాబా ఉంది. దాన్ని అమ్మాలా, అద్దెకివ్వాలా అన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా మధ్యేమార్గం ఒకటుంది. కారు నడుపుకుంటూ వెళ్తారు, నంబరు మార్చరు. పదకొండో నెలలో ఇంటి పన్ను కట్టాలనో, పెన్షన్ కాగితం పనుందనో మళ్లీ సుంకి ఘాట్ ఎక్కుతారు. రాజ్‌కిశోర్ నగర్ గేటు ముందు సీజీ 10 కారు మళ్లీ ఆగుతుంది. పక్కింటివారు బయటికొచ్చి, వచ్చేశారా అని అడుగుతారు.