గుండెలో శబ్దం ఉందన్నారా?

ఎర్రగుంట్ల

ప్రియమైన పాఠక మిత్రులకు,

మీ ఉత్తరాలు అందుతున్నాయి. ఈ మధ్య వచ్చినవాటిలో చాలామంది అడిగింది ఒకటే: రక్తపరీక్ష చీటీ చేతికొస్తే అందులో ఏం చూడాలి అని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకంటే, మా వీధిలో జరిగిన సంగతి చెబితే అందరికీ పనికొస్తుందనిపించింది.

ఉగాదికి పది రోజుల ముందు మాట. నాపబండల పాలిష్ మిషన్ల మోత ఆగిన పొద్దుగూకే వేళ, చివరింటి పెద్దమ్మ కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ అమ్మాయికి ఐదో నెల. చేతిలో ల్యాబ్ చీటీ, నాలుగు మడతలు. "రొంత చూడు నాయనా. రక్తం ఏడున్నర గ్రాములే ఉందంట. అదీగాక గుండెలో శబ్దం వస్తా ఉందన్నారు. బొక్క ఏమన్నా పడిందేమోనని రాత్రంతా నిద్ర ల్యా" అనింది. కోడలు మాట్లాడలేదు. మా ఇంటి మూడు మెట్లు ఎక్కినందుకే ఆ పిల్లకు ఆయాసం వచ్చింది.

నేను వైద్యం చేసేవాణ్ని కాను. ముప్పై ఏళ్లు మెడికల్ కాలేజీ పిల్లలకు ఫిజియాలజీ చెప్పినవాణ్ని. ఒంట్లో ఏది ఎలా నడుస్తుందో చెప్పడమే నా పని. అందుకే పెద్దమ్మతో ఒక మాట అన్నాను: "చీటీలో అంకె, గుండెలో శబ్దం రెండు జబ్బులు కాకపోవచ్చు. ఒకే సంగతిని రెండు చోట్ల నుంచి వింటున్నామేమో." ఈ ఉత్తరంలో చెప్పదలచుకున్నదంతా అదే.

ముందు గుండె చప్పుడు సంగతి. మన బావుల్లో మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది కదా. మోటారు ఆపగానే పైపులో నీళ్లు వెనక్కి దిగబోతాయి, ఆ బరువుకు వాల్వు దబ్బున మూసుకుంటుంది. గుండెలోనూ అలాంటి వాల్వులు నాలుగున్నాయి. కింది గదులు బిగుసుకోగానే మైట్రల్, ట్రైకస్పిడ్ వాల్వులు మూసుకుంటాయి. అది 'లబ్'. రక్తాన్ని బయటికి నెట్టేసి గదులు వదులవగానే అయోర్టిక్, పల్మనరీ వాల్వులు మూసుకుంటాయి. అది 'డబ్'. మొదటిది కాస్త సాగినట్టు, రెండోది కొట్టినట్టు వినబడుతుంది. ఆ రెంటి నడుమ మామూలుగా నిశ్శబ్దమే. రోజుకు సుమారు లక్షసార్లు ఇదే వరస.

ఆ నిశ్శబ్దంలో 'ఉష్' మని వినబడితే దాన్నే డాక్టర్లు మర్మర్ అంటారు, మనం శబ్దం అంటాం. అది ఎందుకు పుడుతుందో మైలవరం కాలువ గట్టు మీద కూర్చున్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు నిదానంగా పోతుంటే చప్పుడే ఉండదు. షట్టరు సందులోంచి వడిగా దూకేచోట అవే నీళ్లు సుడి తిరిగి హోరెత్తుతాయి. రక్తమూ అంతే. దారి ఇరుకైనా శబ్దం వస్తుంది. దారి బాగానే ఉండి వడి పెరిగినా శబ్దం వస్తుంది. రక్తం పలచబడితే సుడి ఇంకా తేలిగ్గా లేస్తుంది.

రక్తం తక్కువైతే వడి ఎందుకు పెరగాలి? చీటీలో గ్రాముల్లో రాసేది వంద మిల్లీలీటర్ల రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లెక్క. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 14 గ్రాములున్న మనిషి రక్తం వంద మిల్లీలీటర్లకు దాదాపు 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తే, ఏడున్నర గ్రాములున్న పిల్ల రక్తం పదే మోస్తుంది. సగం లోడుతో తిరిగే బండల లారీకి ట్రిప్పులు రెట్టింపు కావలసిందే కదా. ఒళ్లు అడిగే ఆక్సిజన్ తగ్గదు కాబట్టి గుండె ఎక్కువసార్లు, ఎక్కువ ఊపుతో కొట్టుకుంటుంది. దడ, ఆయాసం, మెట్లెక్కితే కళ్లు బైర్లు కమ్మడం అక్కడి నుంచే వస్తాయి. రొమ్ముటెముకకు ఎడమ పక్కన, రెండో పక్కటెముక కింది సందులో స్టెతస్కోపు పెడితే లబ్‌కీ డబ్‌కీ నడుమ ఆ మెత్తటి హోరు వినబడుతుంది. పైగా గర్భిణికి ఒంట్లో రక్తం పరిమాణమే సగందాకా పెరుగుతుంది. ఆ ప్రవాహానికే కొందరిలో శబ్దం వస్తుంది.

స్టెతస్కోపు పుట్టిందీ ఒక ఆడకూతురి గుండె వినడానికే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండె జబ్బుతో ఒక యువతి వచ్చింది. అప్పటిదాకా డాక్టర్లు ఛాతీకి చెవి ఆనించి వినేవాళ్లు. ఆమె దగ్గర అలా చేయడానికి సంకోచించి, కాగితాలు గొట్టంలా చుట్టి ఒక కొస ఛాతీకి, ఇంకో కొస చెవికి ఆనించాడు. చెవి నేరుగా పెట్టినదానికంటే స్పష్టంగా వినబడింది.

ఇక చీటీలో అంకె. నేను పాఠం చెప్పే రోజుల్లో మొదటి ఏడాది పిల్లలు తమ రక్తాన్ని తామే పరీక్ష చేసుకునేవాళ్లు. ఉంగరం వేలును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సూదితో ఒక్క పోటు. మొదటి చుక్క తుడిచేయాలి. వేలిని పిండకూడదు, పిండితే కండలోని నీరు కలిసి లెక్క తప్పుతుంది. సన్నటి పిపెట్‌తో 20 గీత దాకా, అంటే లీటరులో యాభై వేలో వంతు రక్తం పీల్చి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసిన గొట్టంలోకి ఊదాలి. ఎర్రటి రక్తం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. పది నిమిషాలు ఆగి డిస్టిల్డ్ వాటర్ చుక్క చుక్కగా కలుపుతూ, పక్కనున్న గోధుమ రంగు గాజుపలకతో సరిపోయేదాకా కిటికీ వెలుతురులో చూడాలి. సాలీ పద్ధతి అంటారు దీన్ని. ఇప్పుడు మిషన్లు క్షణాల్లో అంకె ఇస్తున్నాయి. కానీ నాకు మరపురానిది ఆ కిటికీ దగ్గర దృశ్యమే. అబ్బాయిల గొట్టాల్లో నీళ్లు పోస్తూనే ఉండాలి, రంగు విరగదు. కొందరు అమ్మాయిల గొట్టాల్లో నాలుగు చుక్కలకే రంగు కలిసిపోయేది. తొమ్మిది, తొమ్మిదిన్నర. డాక్టర్లు కాబోయే పిల్లలు. "నాకెప్పుడూ ఇంతే సార్" అనేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమనేది.

ఆ అంకెకు హద్దులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్ద మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు సుమారు 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా ఈ హద్దు కిందే ఉన్నారు. సగం మందికి పైగా ఉన్నారు కదా అని అది మామూలు సంగతి అయిపోదు.

అయితే హిమోగ్లోబిన్ అంకె ఒక ప్రశ్న మాత్రమే. జవాబు చీటీలో మిగతా వరసల్లో ఉంటుంది. ఎర్రకణం సైజు చెప్పే ఎం.సి.వి. అనే వరస చూడండి. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. అంతకు తగ్గితే ఎక్కువగా ఇనుము లోటు. గాజుపలక మీద రక్తం పూసి, లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కణాలు చిన్నవిగా, నడుమ తెల్లగా, అంచున మాత్రం ఎరుపుతో సన్నటి గాజుల్లా కనబడతాయి. సైజు 100 దాటితే ఫోలిక్ యాసిడ్‌దో బి12దో లోటు కావచ్చు. తెల్లకణాలు నాలుగు వేల నుంచి పదకొండు వేలు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగు లక్షలు ఉండటం మామూలు. ఈఎస్ఆర్ పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపో ఇన్ఫెక్షనో ఉందని అనుమానించాలి. రక్తహీనతలోనూ అది పెరుగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని భయపడకూడదు.

ఫోలిక్ యాసిడ్ పేరెత్తితే మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగు జబ్బు అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది, ఆయన్నూ చావు అంచుదాకా తీసుకెళ్లింది. ఆ జబ్బులో రక్తం క్షీణించడమూ ఒక భాగమే. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. అదీ రంగును పోల్చి చూసే పరీక్షే. ఆ కొలతను పట్టుకొనే ఇద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ గుర్తించారు. గుండె కండ కొట్టుకున్న ప్రతిసారీ ఖర్చు పెట్టేది ఆ ఏటీపీనే. తర్వాత లెడర్లే కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఏఎన్ఎం అమ్మ గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మన తెలుగువాడి కష్టం ఇప్పుడు ఎర్రగుంట్ల గడపల్లోకి ఉచితంగా వస్తున్నది. దాన్ని గూట్లో పెట్టి మరిచిపోవద్దని నా వేడుకోలు.

మరిచిపోవడానికి కారణాలూ తెలుసు. మాత్ర వేసుకుంటే దొడ్డికి నల్లగా పోతుంది, కడుపులో తిప్పుతుంది. నల్లగా పోవడం ఇనుము వల్లే, భయం లేదు. తిప్పడం ఎక్కువైతే అన్నం తిన్నాక వేసుకోండి. కాఫీ, టీలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ నీళ్లతో అయితే బాగా పడుతుంది. సంగటిలోకి ఆకుకూర పప్పు, పైన నిమ్మరసం మంచి జోడీ. కానీ ఏడున్నర గ్రాములను తిండి ఒక్కటే పైకి తేలేదు. నీరసంగా ఉందని గ్లూకోజు బాటిల్ ఎక్కించుకుంటే రక్తం పట్టదు, అది ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లే. ఒంట్లో ఇనుము నిల్వలు నిండాలి కాబట్టి అంకె సరైన స్థితికి వచ్చాక కూడా నెలల తరబడి మాత్ర వాడాలి. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అది ఒళ్లు ఇనుము అడిగే తీరు కావచ్చు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. శబ్దాలన్నీ రక్తం తక్కువైనందుకే రావు. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లవాతం జ్వరం వచ్చినవాళ్లలో కొందరికి మైట్రల్ వాల్వు గట్టిపడి ఇరుకవుతుంది. చాలామందిలో అది బయటపడేది గర్భిణిగా ఉన్నప్పుడే. డబ్ తర్వాత, మళ్లీ లబ్ లోపు వినిపించే శబ్దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే డాక్టరు ఎకో అనే గుండె స్కానింగు రాస్తే తీయించండి, వాయిదా వెయ్యొద్దు.

మా పెద్దమ్మ కోడలికి ఎకో తీశారు. వాల్వులు బాగున్నాయి, బొక్క లేదు. డాక్టరు చెప్పినట్టు మాత్రలు వాడింది. ఇప్పుడు ఎనిమిదో నెల, పోయిన వారం చీటీలో పదిన్నర ఉంది. దాన్ని చూపించడానికి అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. నా పాత స్టెతస్కోపు కోడలి చేతికిచ్చాను. తానే ఛాతీ మీద పెట్టుకుంది, గొట్టం కొసలు అత్త చెవులకు పెట్టింది. పెద్దమ్మ కళ్లు మూసుకొని చాలాసేపు వినింది. "మనవాళ్ల ఇంటి తలుపు మాదిరి కొట్టుకుంటా ఉంది నాయనా" అనింది.

తర్వాత కోడలు గొట్టం తీసి, అత్త గుండె మీద పెట్టి తాను వినింది. వింటూ వింటూ నా వంక చూసింది. "అత్తమ్మకు కూడా పరీక్ష చేయిద్దాం సార్" అనింది. "నాకెందుకులే అమ్మీ" అనింది పెద్దమ్మ. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిన్న మనిషి ఆమె. మరుసటి రోజు కోడలే చెయ్యి పట్టుకొని ల్యాబుకు తీసుకెళ్లింది. తొమ్మిది గ్రాములు. ముట్లు ఆగిపోయిన వయసులో రక్తం తగ్గితే కడుపులోనో పేగుల్లోనో ఎక్కడైనా కారుతోందా అని వెతకాలి, మాత్రలిచ్చి ఊరుకోకూడదు. ఆ వెతుకులాట కోసం ఈ సోమవారం ఇద్దరూ కడపకు బయల్దేరుతున్నారు.

మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరో మీకు తెలుసు. వచ్చే ఉత్తరంలో ఆమె చీటీలో ఎన్ని గ్రాములుందో రాయండి. ఎదురు చూస్తుంటాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి