హేగ్‌లో జీతాల పట్టీ

హేగ్, నెదర్లాండ్స్

మామయ్య గారికి,

చూసిన వింతలన్నీ రాయమన్నారు. ఇక్కడివాళ్ళు పచ్చి చేపను తోక పట్టుకుని పైకెత్తి, ఉల్లిపాయ ముక్కలతో సహా నోట్లోకి జార్చుకుంటారు. అదొకటి. జనం ఎండ కాచుకునే సముద్రతీరం దగ్గర్లోనే షేవెనింగెన్ జైలుంది. ఒక దేశాధ్యక్షుణ్ణే అందులో పెట్టారు. అది రెండోది. మూడో వింత మాత్రం దర్శి సబ్ ట్రెజరీలో కూర్చుని బిల్లులకు కొర్రీలు వేసి తిప్పి పంపిన మీకే రుచిస్తుంది. అందుకని దాన్ని తీరిగ్గా రాస్తున్నాను.

చర్చిల్‌ప్లైన్ అనే కూడలిలో ఒక పాత ఇన్సూరెన్సు కంపెనీ భవనం ఉంది. యుగోస్లావియా యుద్ధాల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు 2017 చివరిదాకా అందులోనే నడిచింది. మిగిలిన కేసులు చూసే సంస్థదీ ఇదే చిరునామా. చూడవచ్చిన వాళ్ళకూ జడ్జీలకూ మధ్య అద్దాల గోడ. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో అనువాదం వినిపించేది. భయపడే సాక్షి అయితే తెర మీద ముఖాన్ని చెరిపేసి, గొంతు మార్చి వినిపించేవారు. రికార్డింగుల్లో ఆ గొంతులు విన్నాను. మనిషి లేడు, మాట ఉంది.

ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ కాలం సాగిన కేసుల్లో ఒకటి యొవిత్సా స్టానిషిచ్‌ది, ఫ్రాంకో సిమాటోవిచ్‌ది. స్టానిషిచ్ సెర్బియా రాజ్య భద్రతా విభాగానికి అధిపతి, సిమాటోవిచ్ ఆయన కింద అధికారి. 1991 నుంచి క్రొయేషియాలో, బోస్నియాలో యూనిఫారాలు తొడుక్కుని ఊళ్ళు తగలబెట్టినవాళ్ళు, జనాన్ని తరిమినవాళ్ళు, చంపినవాళ్ళు ఎవరి మనుషులన్నదే ప్రశ్న. వాళ్ళు మావాళ్ళు కారన్నది అప్పట్లో బెల్‌గ్రేడ్ పాట. దొరికితేనే దొంగ కదా.

ఎట్లా దొరికారో చూడండి. 1997లో కూలా అనే చోట స్టానిషిచ్ విభాగానికి చెందిన ఎర్ర టోపీల దళం ఉత్సవం చేసుకుంది. దాన్ని వాళ్ళే వీడియో తీసుకున్నారు! సాక్షాత్తు సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ వచ్చి వరసగా కరచాలనాలు చేశాడు. సిమాటోవిచ్ ఉపన్యాసమిస్తూ దళం 1991 మే 4న పుట్టిందనీ, ఎక్కడెక్కడ పోరాడిందనీ గర్వంగా చెప్పాడు. బిడ్డను మాది కాదన్నవాళ్ళే బారసాల ఫొటో దాచుకున్నట్టయింది. దానికి తోడు జీతాల పట్టీలు బయటపడ్డాయి. దినభత్యం ఎవరికి ఎంత ఇచ్చారో, పేర్లతో సహా. 2010లో బోస్నియా సెర్బుల సైన్యాధిపతి జనరల్ మ్లాడిచ్ ఇంట్లో దొరికిన నోటు పుస్తకాలు కూడా కోర్టుకెక్కాయి.

ఇంత ఉన్నాక శిక్ష ఖాయమనుకుంటాం. 2013 మే 30న ఇద్దర్నీ విడిచిపెట్టేశారు. దళాన్ని పెట్టింది వీళ్ళే, శిక్షణ ఇచ్చిందీ డబ్బిచ్చిందీ వీళ్ళే అని ఒప్పుకుంటూనే, ఆ సాయం ప్రత్యేకించి నేరాల కోసమే చేసినట్టు రుజువు కాలేదన్నారు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు. మీరు చదివితే బల్ల గుద్దేవారు. 2015 డిసెంబరులో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసి, మళ్ళీ మొదటి నుంచి విచారించమంది. 2021లో ఒకే ఒక్క ఊరు, బోసాన్స్కీ షామత్స్ విషయంలో పన్నెండేళ్ళు వేశారు. శిక్షణ పొందిన వాళ్ళను 1992 ఏప్రిల్‌లో ఆ ఊరికి పంపింది వీళ్ళేనని తేలింది. 2023 మే 31న అప్పీలులో మరికొన్ని ఊళ్ళు కలిశాయి, శిక్ష పదిహేనేళ్ళయింది. అరెస్టయింది 2003లో. లెక్క వేసుకోండి.

చదువుతుంటే మన గోదావరి అవతలి సంగతే తలకెక్కింది. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టుల మీదికి లేచిన సల్వాజుడుం దళాల భయానికి ఆదివాసులు అడవి దాటి ఖమ్మం జిల్లాలోకొచ్చి గుడిసెలేసుకున్నారు. సల్వాజుడుం మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసుకు 2011 జులై 5న తీర్పిచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన రంగారెడ్డి జిల్లా వారు, జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. అక్కడ జీతాల పట్టీ కోసం వెతకాల్సిన పనే పడలేదు. స్పెషల్ పోలీసు ఆఫీసర్లన్న పేరుతో పెట్టుకున్న కుర్రాళ్ళకు నెలకు మూడు వేలిస్తున్నామని, అందులో నూటికి ఎనభై కేంద్రం భరిస్తోందని ప్రభుత్వాలే కోర్టుకు చెప్పుకున్నాయి. చదువు అంతంతమాత్రమైన ఆదివాసీ కుర్రాళ్ళ చేతికి తుపాకులిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగానికి విరుద్ధమంది కోర్టు. ఆ ఏడే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి, ఆ కుర్రాళ్ళనే సహాయక సాయుధ పోలీసులుగా తీసుకుంది. పేరు మారింది, జీతం పెరిగింది. ఆ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025లో సుప్రీంకోర్టే అంది. అదే ఏడు సుదర్శన్ రెడ్డి గారు ఉపరాష్ట్రపతి పోటీలో నిలబడితే, ఈ తీర్పును తవ్వితీసి ఆయన మీదికి విసిరారు.

మరి మన మార్కాపురం, గిద్దలూరు వైపు కొండల పేరు పెట్టుకున్న నల్లమల కోబ్రాల మాటేమిటి? ఆ ముఠా కూడా 2005 నాటిదే, నక్సలైట్లతో చర్చలు చెడిన ఏడాది. హక్కుల సంఘాల వాళ్ళను చంపుతామని ఆ పేరుతో పత్రికలకు ప్రకటనలొచ్చేవి. వెనకున్నది పోలీసులేనని సంఘాలు, కాదని పోలీసులు. కూలా లాంటి ఉత్సవం వాళ్ళు జరుపుకోలేదు, వీడియో తీసుకోలేదు. మస్టరూ లేదు, బిల్లూ లేదు. కొర్రీ వేయడానికైనా ఒక కాగితం ఉండాలి కదా మామయ్యా.

అత్తయ్యకు నమస్కారాలు. ఇక్కడ దొరికే కారం ఉట్టి ఎరుపే. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఈసారి మిరప్పొడి కొంచెం ఎక్కువే పంపండి.

మీ మేనల్లుడు