ఒక పన్ను తక్కువ

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి పళ్లచక్రాలతో పనేమిటని మీరు అడగవచ్చు. మా కాలేజీలో తోటి లెక్చరర్లూ అదే అడుగుతున్నారు. గురువులూ లఘువులూ లెక్కపెట్టుకుంటూ ఇరవై ఏళ్లు గడిపిన నేను, ఈ మధ్య రెండు నెలలపాటు పళ్లు లెక్కపెట్టాను. నోటిలోవి కావు సుమండీ, బండి గొలుసు ఎక్కి తిరిగే ఇనుప చక్రాలవి. తీరా చూస్తే ఛందస్సుకూ దీనికీ అంత దూరమేమీ లేదు. అక్కడ ఒక మాత్ర తగ్గితే పద్యం కుంటుతుంది. ఇక్కడ ఒక పన్ను తగ్గితే బండి నడకే మారిపోతుంది.

ఈ లెక్క నా నెత్తిన పడడానికి కారణం మా మేనల్లుడు. వాడు వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇంజనీరింగు విద్యార్థులకు మన దేశంలో ‘బాహా’ అనే పోటీ ఒకటి ఉంది. రాళ్లలో, గుంటల్లో పరుగెత్తగల బండిని పిల్లలే తయారుచేసి తామే నడపాలి. ఇండోరు దగ్గరి పీతంపూర్‌లో ఆ పోటీలు చాలా ఏళ్లు జరిగాయి. ఆ కబుర్లు విని విని మావాడికీ పిచ్చి పట్టింది. మిత్రులతో కలిసి ఎక్కడో మూలపడి ఉన్న పాత ఏటీవీ ఒకటి చౌకగా కొనుక్కొచ్చాడు.

ఏటీవీ అంటే నాలుగు లావుపాటి చక్రాలున్న మోటారు సైకిలనుకోండి. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు రెండు వైపులా వేసి కూర్చోవాలి. ఇలాంటి బండ్లకు సాధారణంగా రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకని మావాడు దాన్ని ట్రాలీలో ఎక్కించి, నర్సంపేట అవతల వాళ్ల ఊరికి, నాన్నగారి పొలానికి తీసుకుపోయాడు.

అసలు కథ అక్కడ మొదలయింది. మా బావకు మోకాళ్ల నొప్పులు. చెరువు కట్ట అవతల నాలుగెకరాల మిర్చి చేను ఉంది. ఇంటి నుంచి బయలుదేరితే ఒక ఒర్రె దాటాలి, కట్ట ఎక్కాలి, దిగాలి, ఆ తర్వాత నల్లరేగడిలో నడవాలి. రెండేళ్లుగా ఆయన ఆ చేను మొహం చూడలేదు. కూలీలు చెప్పింది వినడం, మందుల దుకాణం వాడు ఇచ్చింది కొట్టించడం. ఇక కౌలుకిచ్చేద్దామని మా అక్కయ్యతో అన్నాడట. ఆ మాట అన్న రాత్రి ఆయన అన్నం తినలేదని అక్కయ్య నాతో ఫోనులో చెప్పింది.

కొడుకు బండి తేగానే బావకు ఆశ పుట్టింది. ఒర్రె దాటాడు. కట్ట సగం ఎక్కేసరికి ఇంజను రొప్పి రొప్పి ఆగిపోయింది. ఏటవాలు మీద బండి ఆగడం చిన్న విషయం కాదు. వెనక్కి జారితే బోల్తా పడుతుంది, మనిషి దాని కింద పడతాడు. అదృష్టం బాగుండి బ్రేకు పట్టింది. అక్కయ్య మాత్రం “ఆ బండి ఇంట్ల ఉంటే నేనుండ” అంది.

మావాడికి తోచిన వైద్యం వేరు. వాడి దృష్టి అంతా వేగం మీద. “ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెద్దది వేద్దాం మామా, ఊపు మీద కట్ట ఎక్కేస్తుంది” అన్నాడు. సరే, ముందు తెలిసినవాణ్ణి అడుగుదామని హనుమకొండలో నా మోటారు సైకిలు చూసే మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అంతా విని, “పెద్దాయన నడుపుతడా, పిల్లగాడు నడుపుతడా?” అని అడిగాడు. పెద్దాయనే అన్నాను. “అయితే ఒక్క పన్ను తగ్గించుండ్రి సార్, గుంజుతది” అన్నాడు. ఇంత చిన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇక లెక్కకు వద్దాం, భయపడకండి. ఇంజను దగ్గర చిన్న పళ్లచక్రం, వెనక ఇరుసు మీద పెద్దది, రెండింటినీ కలుపుతూ గొలుసు. మా బండికి ముందు 14 పళ్లు, వెనక 38. 38ని 14తో భాగిస్తే సుమారు 2.71. అంటే ముందు చక్రం 2.71 సార్లు తిరిగితే వెనక చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ముందు 13 పళ్లు వేస్తే ఆ అంకె 2.92 అవుతుంది. లాగే బలం నూటికి ఏడెనిమిది పాళ్లు పెరుగుతుంది. వేగం దాదాపు అంతే తగ్గుతుంది. అదే ఇంజను ఊపులో ఇంతకుముందు గంటకు 40 కిలోమీటర్లు పోయే బండి ఇప్పుడు 37 పోతుంది. పిల్లల గేర్ల సైకిలు చూడండి. ఎత్తు వచ్చినప్పుడు గొలుసును వెనక పెద్ద చక్రం మీదికి మారుస్తారు. కాళ్లు గబగబా తిరుగుతాయి, సైకిలు మెల్లగా పోతుంది, కానీ ఎక్కుతుంది. సూత్రం అదే.

వెనక పళ్లు పెంచినా ఇదే ఫలితం. ముందు ఒకటి తగ్గించడమూ, వెనక మూడు పెంచి 41 చేయడమూ ఇంచుమించు సమానం. అయితే వెనక చక్రం పెద్దదైతే గొలుసు పొడుగు కావాలి. పైగా ఆ చక్రం నేలకు మరింత దగ్గరవుతుంది, ఒర్రెలో రాళ్లు దానికి తగులుతాయి. అలాగని ముందు చక్రాన్ని మరీ చిన్నది చేయకూడదు. చిన్న చక్రం చుట్టూ గొలుసు మరీ వంగి తిరగాలి, త్వరగా అరుగుతుంది. పైగా 13 బేసి సంఖ్య, గొలుసు లింకులు సరి సంఖ్య. కాబట్టి ఒకే పన్ను మీదికి ప్రతి చుట్టులోనూ ఒకే లింకు రాదు, అరుగుదల అంతటా పంచుకుంటుంది.

గొలుసు సంగతి ఇంకా ముఖ్యం. ఈ రోలర్ గొలుసును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. నేటికీ దాని రూపం పెద్దగా మారలేదు. మా బండిది 520 అనే సైజు. మొదటి అంకె కీలుకూ కీలుకూ మధ్య ఎడం చెబుతుంది. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఐదు, అంటే 15.875 మిల్లీమీటర్లు. మిగతా రెండంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. మన ఇళ్లలోని చిన్న మోటారు సైకిళ్లు చాలావాటికి 428 ఉంటుంది. అందులో ఎడం సరిగ్గా అర అంగుళం. చక్రమూ గొలుసూ ఒకే సైజు కాకపోతే సంసారం సాగదు.

మామూలు గొలుసు చౌక. కీళ్లలో రబ్బరు రింగులు పెట్టి గ్రీజును లోపలే బంధించిన ఓ-రింగ్ గొలుసు ఖరీదు. మావాడు చౌకదానికే మొగ్గాడు, మిగిలిన డబ్బుతో హారను కొనాలని. ఎవరి కోసం హారను? పొలంలో పిట్టల కోసమా? నల్లరేగడి బురదలో, ఒర్రె ఇసుకలో తిరిగే బండికి ఓ-రింగ్ గొలుసే మేలు. కీలులోకి ఇసుక దూరదు. దాన్ని పెట్రోలుతో కడగకూడదు, ఇనుప బ్రష్షుతో రుద్దకూడదు, రబ్బరు పాడవుతుంది. కిరసనాయిలుతో తుడిచి, ఆరాక గొలుసు నూనె వేయాలి. వెనక చక్రం అల్యూమినియందైతే తేలిక, ఉక్కుదైతే మన్నిక. పందెగాడికి మొదటిది, రైతుకు రెండోది.

గొలుసు సాగిందంటారు గాని, ఇనుము సాగదు. లోపలి పిన్నులూ బుష్షులూ అరిగి ఒక్కో కీలూ వదులై మొత్తం పొడుగు పెరుగుతుంది. మా గొలుసు 20 లింకులు కొత్తలో 317.5 మిల్లీమీటర్లు. నూటికి రెండు పాళ్లు పెరిగి 324 అయిందంటే దానికి కాలం చెల్లినట్టే. అప్పుడు చక్రాల పళ్లు కూడా కొడవలి మొనల్లా వంగి ఉంటాయి. గొలుసొక్కటే మార్చి పాత చక్రాలు ఉంచితే, ఆ అరిగిన పళ్లు కొత్త గొలుసునూ తినేస్తాయి. మూడింటినీ కలిపి మార్చడమే చివరికి పొదుపు. మీ ఇంటి మోటారు సైకిలుకూ ఇదే వర్తిస్తుంది.

చివరికి 13 పళ్ల చక్రం, ఓ-రింగ్ గొలుసు, వెనక ఉక్కు చక్రం బిగించాం. అక్కయ్య మూడు షరతులు పెట్టింది. హెల్మెట్టు ఉండాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. మూడోదే కష్టమైనది, బావ పంచె మాని ప్యాంటు తొడగాలి. పంచె కొంగు, కండువా, చున్నీ, చీర చెంగు, ఏది గొలుసులో చిక్కినా మనిషిని లాగేస్తుంది. గొలుసు మీద రేకు కవరు ఉంచేది అందుకే. ఊపిరి ఉన్నంతవరకు పంచె విడవనన్న మా బావ, కొడుకు పాత ప్యాంటు బొందు బిగించుకుని ముందుకొచ్చాడు. వీధిలో పిల్లలు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

మొదటి రోజు మావాడు ఆయనకు పాఠం చెప్పాడు. కట్టను అడ్డంగా కాక నిటారుగా ఎక్కాలి, ఒళ్లు ముందుకు వంచాలి, యాక్సిలరేటరు ఒక్కసారిగా తిప్పకూడదు. బలం పెరిగిన బండికి ముందు చక్రాలు లేచే గుణం కూడా వస్తుంది మరి. బావ మొదటి గేరులో, మనిషి వడివడిగా నడిచినంత వేగంతో కట్ట ఎక్కాడు. ఇంజను ఆగలేదు. అవతలికి దిగి చేనులోకి పోయి గంటసేపు తిరిగి రాలేదు. మేం కంగారుపడి వెళ్లి చూస్తే, ఒక మిర్చి మొక్క ఆకు వెనక్కి తిప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఏం బామ్మర్దీ, దీనికి తామర పురుగు పట్టింది. రెండేండ్ల సంది నాకెవ్వడు చెప్పలే” అన్నాడు.

ఆ ఏడు చేను కౌలుకివ్వలేదు.

మావాడు ఇప్పటికీ ఆ మూడు కిలోమీటర్ల వేగం పోయిందని సణుగుతుంటాడు. వాణ్ణి తప్పుపట్టను, వాడి వయసు అలాంటిది. బావను అడిగితే, “దుక్కికి ఎద్దు కావాలె గని గుర్రమెందుకురా?” అంటాడు. పళ్లచక్రం ఇంజనుకు కొత్త శక్తినేమీ ఇవ్వదు. ఉన్న శక్తిని వేగంగా వాడుకోవాలా, బలంగా వాడుకోవాలా అన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ ఎంపిక చేసేటప్పుడు మనం పోవాలని కలగనే దారి కాదు, రోజూ పోవలసిన దారిలో అన్నిటికంటే కష్టమైన చోటు గుర్తుకు రావాలి. బండి మీద ఎవరు కూర్చుంటారో కూడా గుర్తుకు రావాలి.