నక్షత్రంలో బాంబు ఎవరు పెట్టారు?

పెద్ద నక్షత్రాలు ఎలా పేలతాయని ఇంగ్లీషులో అడిగితే నేను రెండు లైన్లలో చెప్పేస్తాను. కోర్ కొలాప్స్, షాక్ వేవ్, అయిపోయింది. కానీ అడిగింది మా అక్క కూతురు. దానికి ఆరేళ్లు. ఆ మాటలేవీ దాని దగ్గర చెల్లవు. "మామయ్యా, నక్షత్రంలో బాంబు ఎవరు పెట్టారు?" అంది.

ఎవరూ పెట్టలేదు. పాలు కాచేటప్పుడు చూశావు కదా అన్నాను. మంట ఉన్నంతసేపూ పైకి పొంగుతాయి, స్టవ్ ఆపగానే దిగిపోతాయి. నక్షత్రం కూడా అంతే. దాని బరువు దాన్ని లోపలికి నొక్కుతుంటుంది, లోపలి వేడి బయటికి తోస్తుంటుంది. రెండూ సరిసమానంగా ఉన్నన్నాళ్లే అది నిలబడుతుంది.

"మరి స్టవ్ ఎవరు ఆపుతారు?"

ఇనుము. హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది, హీలియం కార్బన్ అవుతుంది, అలా ప్రతి మెట్టు దగ్గరా వేడి పుడుతుంది. హైడ్రోజన్ దాదాపు కోటి ఏళ్లు సరిపోతుంది. చివరి మెట్టయిన సిలికాన్ మాత్రం కొన్ని రోజుల్లోనే అయిపోయి, మధ్యలో ఇనుము పోగవుతుంది. ఇనుమును కలపాలంటే ఎదురు శక్తి పెట్టాలి. "ఇనుము ఇవ్వదు, అడుగుతుంది" అన్నాను. వెంటనే అర్థమైంది. దానికి ఇంట్లో ఒక తమ్ముడున్నాడు.

ఇక తోసే వేడి లేదు. భూమంత ఉన్న ఇనుప ముద్ద ఒక్క సెకను కూడా పట్టకుండా హైదరాబాద్ ఓఆర్ఆర్ లోపల పట్టేంత చిన్నదైపోతుంది. ఇంకా నొక్కలేనంత గట్టిపడి, మీద పడుతున్నదాన్ని వెనక్కి తంతుంది. ఇది చూపించడానికి బాస్కెట్ బాల్ మీద టెన్నిస్ బాల్ పెట్టి రెండూ కలిపి వదిలాను. చిన్న బంతి నా తల దాటి ఎగిరింది. పదిసార్లు చేయించింది.

నిజానికి ఆ తన్ను ఒక్కటే చాలదు, మధ్యలో నీరసపడుతుంది. దాన్ని మళ్లీ లేపేవి న్యూట్రినోలని శాస్త్రవేత్తల లెక్క. 1987 ఫిబ్రవరిలో మన పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినప్పుడు, ఆ వెలుగు ఎవరికీ కనబడకముందే జపాన్‌లోని కామియోకాండే నీళ్ల ట్యాంకులో పదికి పైగా న్యూట్రినోలు నమోదయ్యాయి. ఇది మీకోసం. దానికి చెప్పలేదు, ఎందుకంటే అప్పటికే దాని గొంతు మారిపోయింది.

"మన సూర్యుడు కూడా పేలతాడా?"

ఏం కాదులే, పడుకో అనొచ్చు. కానీ ఇంతసేపూ కారణాలు చెప్పి, భయపడ్డాక మాత్రం కారణం లేకుండా నమ్మమనడం నాకు నచ్చలేదు. అలా పేలాలంటే సూర్యుడికి కనీసం 8 రెట్లు బరువుండాలి. మన సూర్యుడు ఇనుము దాకా వెళ్లనే లేడు అన్నాను. "అంటే స్టవ్ ఆగినా మెల్లగా ఆరిపోతాడా?" అంది. ఆ 'మెల్లగా' నేను చెప్పింది కాదు, అదే కనుక్కుంది. భయం అప్పుడు పోయింది.

మనం పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఇలాంటి పెద్ద నక్షత్రాల్లో తయారైందేనని చెబితే, ముక్కు మూసి తెరిచి చూసుకుంది. అయితే పేలబోయేది ఒకటి చూపించమంది. మేడ మీదికెళ్లి ఆరుద్రను చూపించాను. కార్తెల్లో వినే ఆరుద్రే, ఇంగ్లీషు పుస్తకాల్లో బీటెల్‌జ్యూస్. ఎర్రగా ఉంటుంది.

"ఎప్పుడు పేలుతుంది?"

"లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా."

"అప్పటికి నేను పెద్దదాన్నవుతాగా, చూస్తాలే."

కుదరదని నేను అనలేదు. లక్ష ఏళ్లలోపు అంటే రేపు కూడా కావొచ్చు.