అతుకుల బొంత

బాబాయి పోయిన మరుసటి ఏడు, ఆయన పాటలన్నీ ఒక సీడీగా చేయిద్దామని తమ్ముడు అడిగాడు. అన్నీ అంటే మూడు క్యాసెట్లు. ఒకటి ఎవరి పెళ్ళిలోనో పాడినది, ఒకటి మా ఇంటి వసారాలోది, మూడోది ఎక్కడిదో ఎవరికీ గుర్తులేదు. గొంతు మూడింటిలోనూ మూడు రకాలు. "తర్వాత చూద్దాంలేరా" అని దాటవేస్తూ వచ్చాను. ఆ రోజుల్లో నేను మాటిమాటికీ విన్నది జీన్ క్లార్క్ 'రోడ్‌మాస్టర్'.

క్లార్క్ మిస్సోరీ రాష్ట్రంలోని టిప్టన్‌లో 1944లో పుట్టాడు. బర్డ్స్ బృందం తొలినాళ్ళలో దాని ముఖ్య గీతరచయిత అతడే. 1966లో బయటికి వచ్చేశాడు. విమానమెక్కాలంటే భయం కావడం కూడా ఒక కారణమంటారు. (ఆకాశంలో ఎగిరే పక్షుల పేరు పెట్టుకున్న బృందంలో ఇదొక విధివిలాసం.)

ఇక ఈ రికార్డు సంగతి. ఇది ఒక్క బిగిన తయారైనది కాదు. మొదటి రెండు పాటలు 1970లో పాత బర్డ్స్ మిత్రులతో చేసినవి. మూడవదానిలో తోడు నిలిచినది ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్. తక్కిన ఎనిమిదీ 1972లో క్లారెన్స్ వైట్ గిటారు, స్నీకీ పీట్ పెడల్ స్టీల్, బైరన్ బెర్లైన్ ఫిడేలు, స్పూనర్ ఓల్డమ్ పియానోలతో మొదలుపెట్టి, పూర్తికాకుండానే ఆగిపోయిన ప్రయత్నం. పని నెమ్మదిగా సాగుతూ ఖర్చు పెరగడంతో ఎ అండ్ ఎం కంపెనీ చేతులెత్తేసింది. ఆ పదకొండు పాటలనూ కలిపి 1973లో విడుదల చేశారు, అదీ ఒక్క నెదర్లాండ్స్‌లోనే. పాడినవాడి స్వదేశంలో అప్పుడది దుకాణానికే రాలేదు.

మొదటిసారి విన్నప్పుడు అతుకులు స్పష్టంగా తెలిశాయి. రెండవ పాటకూ మూడవ పాటకూ మధ్య ఇల్లు మారినట్టుంటుంది. రికార్డుకు పేరిచ్చిన పాట నాకు ఈనాటికీ రుచించదు, సరదాకి పాడి వదిలేసినట్టుంటుంది.

కానీ 'షి డోంట్ కేర్ అబౌట్ టైమ్' దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో! ఈ పాటను 1965లోనే బర్డ్స్‌తో పాడాడు. అప్పుడది చురుకుగా పరుగెత్తేది, మధ్యలో మెగ్విన్ గిటారు మీద బాఖ్ స్వరాలు పలికించాడు. ఇక్కడ అదే పాట నింపాదిగా, ఒక్కొక్క మాటనూ అరచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నట్టు సాగుతుంది. ఇరవై ఏళ్ళవాడు రాసిన ప్రేమను ఇరవై ఏడేళ్ళవాడు మళ్ళీ చదువుకుంటున్నాడు. మాటలు అవే. వాటి బరువే వేరు. ఒక్క బిగిన చేసిన రికార్డులో కూడా నాకింత కాలం వినిపించలేదు.

ఆ గిటారు వినపడ్డప్పుడల్లా మరొకటి గుర్తొస్తుంది. రికార్డు వచ్చిన ఏడాదే, జూలైలో, తాగి కారు నడిపినవాడి చేతిలో క్లారెన్స్ వైట్ పోయాడు. క్లార్క్ 1974లో 'నో అదర్' అనే మహా శ్రద్ధగల రికార్డు చేశాడు. అప్పట్లో అదీ అమ్ముడుపోలేదు. 1991లో, నలభై ఆరేళ్ళకే, వెళ్ళిపోయాడు. సగంలో ఆగిన ఆ పనిని ఎవరూ కలిపి బయట పెట్టకుండా డబ్బాల్లోనే ఉంచి ఉంటే, ఆ నింపాది పాట నాదాకా వచ్చేదేనా?

తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. క్యాసెట్లు పట్టుకుని వచ్చాడు. గొంతులు ఒకలాగే వినిపించేలా సరిచేయమంటారా అని స్టూడియో కుర్రాడు అడిగితే, వద్దన్నాను. రికార్డు చేసిన సంవత్సరం ఏ క్యాసెట్ మీదా లేదు. అందుకని లేత గొంతు ముందు, అలిసిన గొంతు చివర పెట్టించాం. వసారా క్యాసెట్లో రెండవ చరణం మధ్య పిన్ని "అన్నం చల్లారిపోతోంది, లేవండీ" అంటుంది. బాబాయి "వస్తున్నా, ఇదొక్కటే" అని మళ్ళీ పల్లవి అందుకుంటాడు. అది తీసేద్దామా అన్నాడు తమ్ముడు. పిన్నిని అడిగి రమ్మన్నాను.

ఉంచమందట.