కోహెఖాఫ్

డిగ్రీ రోజుల్లో కంప్యూటర్ సెంటర్లో దొంగచాటుగా 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఆడేవాణ్ణి. 1989 నాటి ఆట. గంటలోపు షహజాదీని విడిపించాలి. నా వల్ల ఎప్పుడూ కాలేదు.

2024లో 'ది లాస్ట్ క్రౌన్' పేరుతో ఆ సిరీస్ మళ్లీ వచ్చింది. ఇందులో హీరో సర్గోన్ అనే సిపాయి. ఈసారి విడిపించాల్సింది షహజాదానే! "ఇది మన ప్రిన్స్ కాదు" అని పాత అభిమానుల బహస్. నేనూ వాళ్ల తరఫే.

మావాడు మాత్రం డైలాగులు ఫార్సీలో పెట్టుకుని ఆడుతున్నాడు. కథ నడిచేది ఖాఫ్ పర్వతం మీద. మా నానీమా కహానీల్లో పరీలుండే కోహెఖాఫ్!

"ఖాఫ్ ఎలా రాస్తారు అబ్బా?" అన్నాడు. వాడికి నేను ఉర్దూ నేర్పలేదు. నోట్‌బుక్ తీసి గిన్నెలాంటి గీత గీసి, పైన రెండు నుఖ్తాలు పెట్టాను. ఆ రోజే నేను పార్టీ మారాను.