తాత పాట సగంలో ఆగింది: నడుస్తున్న కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ కలిపేవాళ్ల కోసం



పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. పాత కంప్యూటర్లలోంచి తీసిన హార్డ్ డిస్కులు మనలో చాలామంది దగ్గర ఉన్నాయి. వాటిల్లో మేడారం జాతర వీడియోలు, పెళ్లి ఫొటోలు, ఊళ్లో పెద్దోళ్ల పాటలు ఉంటాయి. అందుకే నేను చేసిన తప్పు దాచుకోకుండా చెప్తున్నా.

మాది ఏటూరునాగారం వైపు ఒక కోయ గూడెం. డోలి వాయించే ఇల్లు మాది. 2022లో డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా తాత పేపర్లో ఆ ఫొటో చూసి ఎంత సంబరపడ్డాడో! ఆ ఎండాకాలం సెలవుల్లో నేను తాతని కూర్చోబెట్టి మూడు రాత్రులు ఫోన్‌లో రికార్డు చేశా. మా గట్టు వేల్పుల కథ మొత్తం పాడిండు. ఆ చలికాలమే తాత పోయిండు.

తర్వాతి ఏడు హన్మకొండ హాస్టల్లో ఉన్నప్పుడు నా ఫోన్ మెమరీ కార్డు నిండిపోయింది. పక్క రూము అన్న దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. దాని పక్క డోరు ఎప్పుడూ తీసే ఉండేది. నా దగ్గర ఒక పాత 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. "అన్నా, ఇది పెట్టి పాటలు దీంట్లో వేసుకుంటా" అన్నా. "పెట్టుకో గానీ సిస్టం ఆపకురా, నా ప్రాజెక్టు రన్ అవుతోంది" అన్నాడు.

నడుస్తుండగానే పెట్టేశా. కొద్దిసేపటికి డ్రైవ్ కనిపించింది. ఏం కాలేదు కదా అని ధైర్యం వచ్చింది. కార్డులో ఉన్న ఫైళ్లన్నీ కట్ చేసి డిస్క్‌లో పేస్ట్ చేశా. కాపీ కాదు, కట్. ఆకుపచ్చ గీత నిండింది, కిటికీ మాయమైంది. వెంటనే రెండు కేబుళ్లూ గుంజేశా.

ఖాళీ అయిన కార్డుతో వారం రోజులు ఫొటోలు దిగా. తర్వాత డిస్క్ పెట్టి చూస్తే, ఫార్మాట్ చేయాలని అడుగుతోంది. చేతులు చల్లబడ్డాయి.

చౌరస్తా దగ్గర ఒక చిన్న రిపేరు షాపుకి పరుగెత్తా. షాపు అన్న కార్డు, డిస్క్ రెండూ తీసుకుని ఒక్కటే అడిగిండు: "రాసుడు అయిపోయిందని నీకెవరు చెప్పిండ్రు?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. తెర మీద గీత నిండినా, రాయాల్సినదంతా డిస్క్ పళ్లెం మీదకి అప్పుడే చేరదు. కంప్యూటర్ కొంత తన మెమరీలో పెట్టుకుని తీరిగ్గా రాస్తది. లోపలి డిస్కులకు విండోస్ మామూలుగానే ఇట్ల చేస్తది, పని తొందరగా జరగడానికి. ఆ గడియలో గుంజితే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టీ సగం రాసి ఆగిపోతది.

ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆయన కార్డులోంచి వెలికి తీసిండు. రెండు రాత్రుల పాట వచ్చింది. మూడో రాత్రి మీద నా ఫొటోలు పడి సగం పోయింది. మా వేల్పు ఏ గట్టు దాటి ఎక్కడికి వచ్చిందో చెప్పే చోట తాత డోలి మీద రెండు దెబ్బలు వేసి, గుక్క తిప్పుకుంటడు. అంతే. ఇప్పటికీ అక్కడే ఆగుతది.

ఆ తర్వాత సాయంత్రాలు అదే షాపులో పనికి కుదిరా. అక్కడ నేర్చుకున్నది మీకు చెప్తా.

నడుస్తుండగా డిస్క్ కలపడమే తప్పు అనుకోకండి. సాటా డిస్కులను అందుకు వీలుగానే తయారు చేశారు. డిస్క్ వెనక పిన్నులు దగ్గరగా చూడండి, అన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవుగా ఉన్న గ్రౌండ్ పిన్నులు ముందు తగులుతాయి. తర్వాత ప్రీచార్జ్ పిన్నులు కొంచెం కరెంటుని లోపలికి వదులుతాయి. ఆఖర్న మిగతావి. ఒక్కసారిగా కరెంటు దూకకుండా ఈ ఏర్పాటు. వెడల్పు రిబ్బను కేబుల్ ఉండే పాత ఐడీఈ డిస్కులకు, నాలుగు లావు పిన్నుల మోలెక్స్ పవర్ ప్లగ్గుకు ఈ రక్షణ లేదు. వాటిని కంప్యూటర్ ఆపకుండా ముట్టుకోవద్దు. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే వైరు వాడితే, మోలెక్స్ వైపు ముందే, పవర్ ఆపి ఉన్నప్పుడే పెట్టాలి.

సాటా డిస్క్ అయితే నేను చేసే వరుస ఇది:

1. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందా చూస్తా. కొన్ని మదర్‌బోర్డుల్లో ఒక్కో పోర్టుకు హాట్ ప్లగ్ అని వేరే ఆప్షన్ ఉంటది, అది ఆన్ చేస్తా.

2. కేసులో రంగు లేని ఇనుప భాగం ఒకసారి ముట్టుకుంటా. ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతది.

3. డిస్క్‌ని కేసు ఇనుము మీద పెట్టను. అడుగున సర్క్యూట్ బోర్డు ఉంటది, ఇనుముకు తగిలితే షార్టే. ఒక అట్ట మీద కదలకుండా పెడతా.

4. ముందు డేటా కేబుల్, తర్వాత పవర్. వంకరగా కాకుండా తిన్నగా, ఒక్కసారే తోస్తా.

5. కనిపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రీస్కాన్ కొడతా. అక్కడ ఇనిషియలైజ్ అని గానీ ఫార్మాట్ అని గానీ అడిగితే క్యాన్సిల్. పాత డేటా కావాలంటే ఓకే నొక్కకూడదు.

6. తీసేముందు సేఫ్లీ రిమూవ్. అది చూపించకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్క్‌ని ఆఫ్‌లైన్ చేస్తా. లినక్స్ అయితే అన్‌మౌంట్. ఆ తర్వాతే పవర్ తీస్తా.

7. పవర్ తీశాక అర నిమిషం డిస్క్‌ని కదపను. లోపల పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటది. అది ఆగకముందే ఎత్తి తిప్పితే లోపలి హెడ్డు పళ్లేన్ని గీరే ప్రమాదం ఉంది.

విండోస్ ఉన్న డిస్క్‌ని నడుస్తుండగా ఎప్పుడూ తీయొద్దు. మదర్‌బోర్డుకే గుచ్చే ఎన్‌వీఎంఈ ముక్కలు, ర్యామ్ కూడా అంతే. ఇవన్నీ గుర్తుండవు అనుకుంటే సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న డాక్ కొనుక్కోండి. కేసు తెరిచే పనే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం ఒకటి. పిన్నులు మన తొందరని తట్టుకుంటాయి, డేటా తట్టుకోదు. ఆ డిస్క్‌లో ఉన్నది ఇంకెక్కడా లేదు అంటే హాట్ ప్లగ్ ఆలోచనే వద్దు. కంప్యూటర్ ఆపండి, ప్లగ్గు పీకండి, అప్పుడు కలపండి. ఆ రోజు నేను అన్న ప్రాజెక్టు అయ్యేదాకా ఒక్క రాత్రి ఆగి ఉంటే సరిపోయేది.

మీ ఇంట్లో పాడే పెద్దోళ్లు ఉంటే ఈ సెలవుల్లోనే రికార్డు చేయండి. కట్ కాదు, కాపీ చేయండి. రెండో చోట పెట్టి, తెరిచి, చివరిదాకా విన్నాకే మొదటిది చెరపండి.

ఆ మూడో రాత్రి కథ మా పెదనాయనకి కొంత గుర్తుందట. "తాత లెక్క రాదురా, కానీ చెప్తా" అన్నాడు. వచ్చే ఆదివారం ఊరికి పోతున్నా. ఈసారి రెండు ఫోన్లు పట్టుకుని.